రోమ్ రొక్కం... వింటే విడ్డూరం!

మీకు తెలుసా? తొలినాళ్ల రోమ్‌లో ఒక్కో కంచు 'ఆస్' నాణెం మూడు వందల గ్రాములు తూగేది! పోత పోసిన ముద్ద అది. పది నాణేలతో సంతకెళ్లాలంటే జేబు చాలదు, బండి కట్టాల్సిందే.

ఇత్తడితోనూ నాణేలు కొట్టారని తెలుసా? వాటి పేరు సెస్టెర్షియస్. వంద ఇస్తే ఒక్క బంగారు 'ఆరియస్' వచ్చేది. కొత్తలో పసిడిలా మెరిసేవి. మురిసిపోయారో, మునిగారే!

క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి చేసిన చేతివాటం తెలుసా? అంతకుముందు ఒక రోమన్ పౌను వెండికి, అంటే సుమారు 327 గ్రాములకు, 84 'డెనారియస్' వెండి నాణేలు వచ్చేవి. ఆయన 96 లాగించాడు! చాలదన్నట్టు రాగీ కలిపాడు. రోమ్ తగలబడిందీ ఆ ఏడాదే మరి.

రెండొందల ఏళ్లు గడిచి గాలియెనస్ చక్రవర్తి కాలం ముగిసేసరికి, 'వెండి' నాణెంలో వెండి నూటికి ఐదు పాళ్లు కూడా లేదు! మిగతాదంతా దాదాపు రాగే. పైపైన గిల్టు. చక్రవర్తి గారి తలమీద మాత్రం సూర్యకిరణాల కిరీటం!

ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర 2010లో ఒక్క కుండలో ఎన్ని నాణేలు దొరికాయో తెలుసా? 52,503! బరువు 160 కిలోలు. ఎక్కువ భాగం ఇలాంటి గిల్టు సరుకే. పాతిపెట్టినాయన ఎంత జాగ్రత్తపరుడో పాపం.

ఇక మన ముచ్చట. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయని మీకు తెలుసా? భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టెర్షియస్‌లు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ గగ్గోలు పెట్టింది ఊరికే కాదు! తమాషా ఏమిటంటే, మన దేశంలో దొరికిన చాలా రోమన్ నాణేల మీద చక్రవర్తి మొహానికి అడ్డంగా గాటు. లోపల రాగి ఉందేమోనని కోసి చూశారని కొందరంటారు. నీరో తర్వాతి పలచటి వెండి నాణేలైతే దక్షిణాదిలో బహు అరుదు. మనవాళ్ల దగ్గరా ఆ వేషాలు!

హంతకుడే హత్యకు నాణెం కొట్టించాడని తెలుసా? సీజర్‌ను పొడిచిన బ్రూటస్, క్రీ.పూ. 42లో ఒకవైపు తన బొమ్మ, రెండోవైపు రెండు బాకులు, హత్య జరిగిన రోజు తేదీ వేయించాడు. బంగారంలో కొట్టిన అలాంటి నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో 30 లక్షల పౌండ్లు దాటింది. తీరా చూస్తే దొంగసొత్తు! 2023లో గ్రీస్‌కు అప్పగించేశారు.