చెవి హఠాత్తుగా వినబడకపోతే...

రాత్రి బాగానే పడుకున్న మనిషికి తెల్లవారి లేచేసరికి ఒక చెవి వినబడదు. నొప్పి ఉండదు, చీము కారదు, జ్వరం రాదు. చెవిలో దూది కుక్కినట్టుంటుంది, లేదా ఎడతెగని హోరు. కొందరికి తల కూడా తిరుగుతుంది. రెండో చెవి పనిచేస్తూనే ఉంటుంది గనుక ఇంట్లో ఎవరికీ ఇది జబ్బుగా తోచదు. "జలుబు చేసిందేమో, గులిమి పట్టిందేమో, అదే పోతుందిలే" అంటారు. నొప్పి లేకపోవడమే ఇందులోని మోసమని మేమంటాము.

తరువాత మన పల్లెల్లో ఏమి జరుగుతుందో చదువరులకు తెలియనిది కాదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోస్తారు. తగ్గకపోతే చుక్కల మందు. కోతల రోజులైతే కోతలయ్యేదాకా, ఇంట్లో పెళ్లి ఉంటే పెళ్లయ్యేదాకా ఆగుతారు. ఇంతలో నెల గడిచిపోతుంది. జబ్బు ఉన్నదేమో కర్ణభేరికి ఎంతో లోపల, నత్తగుల్ల ఆకారంలో ఉండే లోపలి చెవిలోనో, అక్కడినుండి మెదడుకు పోయే నరంలోనో. బయటినుండి పోసిన నూనె అక్కడికి చేరదు.

ఇలా మూడు రోజులలోపే వినికిడి పడిపోతే దానిని అత్యవసరంగా చూడాలని వైద్యులు చెబుతారు. చాలామందిలో కారణం తెలియదు. చికిత్సగా ఇచ్చేది సాధారణంగా స్టిరాయిడ్ మాత్రలు. వీటిని మొదటి రెండు వారాలలోపు, ఎంత ముందైతే అంత మంచిదని, ప్రారంభించాలి. అమెరికా చెవి వైద్యుల సంఘం 2019లో సవరించిన సూచనలలోనూ ఈ గడువే ఉన్నది. వినికిడి పూర్తిగా తిరిగిరాకపోతే రెండు నుండి ఆరు వారాల మధ్య కర్ణభేరి గుండా సూదితో అదే రకపు మందు ఇస్తారు. ఆ తరువాత ఆశ సన్నగిల్లుతుంది.

మందు వాడిన ప్రతివారికీ వినికిడి వస్తుందని మేము చెప్పము. సుమారు సగంమందికి మందు లేకుండానే ఎంతో కొంత తిరిగి వస్తుంది. స్టిరాయిడ్ల వలన ఎంత మేలు అన్న విషయంలో వైద్యులలో ఇంకా చర్చ ఉన్నది. కాని ఆ సగంలో మనం ఉంటామో లేదో ముందుగా ఎవరికి తెలుసు?

ఇంట్లోనే చేసుకోదగిన చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. నోరు మూసుకుని "మ్..." అని రాగం తీయండి. జబ్బు చెవివైపు ఎక్కువగా వినిపిస్తే గులిమి వంటి అడ్డు కావచ్చు. బాగున్న చెవివైపు వినిపిస్తే నరానికి సంబంధించినదేమోనని అనుమానించాలి. ఏ వైపు వినిపించినా, జిల్లా ఆసుపత్రిలోనో మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారికి ఒకటి రెండు రోజులలోనే చూపించండి. ఏ రోజున మొదలైందో తప్పక చెప్పండి. వారు వినికిడి పరీక్ష చేయిస్తారు. నరం మీద గడ్డ ఉండడం అరుదే అయినా, అది లేదని తేల్చుకోవడానికి తలకు స్కానింగు కూడా వ్రాస్తారు.

స్టిరాయిడ్లను మందుల షాపులో అడిగి కొని మింగకండి. షుగరు, రక్తపోటు, కడుపులో పుండు, క్షయ ఉన్నవారు ఆ సంగతి ముందే డాక్టరుగారికి చెప్పాలి.

ఇప్పటికే ఒక చెవి పోయినవారు మన ఇళ్లలో ఉన్నారు. పిలిస్తే పలకలేదని వారిని విసుక్కుంటాము. ధ్వని ఏ వైపునుండి వచ్చిందో వారికి తెలియదు; రోడ్డు దాటేటప్పుడు బండి వస్తున్న దిక్కూ తెలియదు. వారిని బాగున్న చెవివైపునుండి పిలవండి, గుడిలో ఆ చెవి ప్రసంగించేవారివైపు ఉండేలా చోటివ్వండి. వినికిడి మిషను పనికివస్తుందేమో డాక్టరుగారిని అడగండి.