ఆర్వీలో సినిమా... ఆ తలనొప్పి టీవీ వల్లేనా?

వేసవి వస్తే పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. వచ్చినవాళ్లకు గ్రాండ్ కేన్యనో, యెల్లోస్టోనో చూపించాలని పిల్లలకూ ఉంటుంది. కొందరు అందుకోసం ఆర్వీ అద్దెకు తీసుకుంటారు. ఆర్వీ అంటే చక్రాల మీద ఇల్లు. మంచాలు, పొయ్యి, బాత్రూమ్, ఏసీ, టీవీ అన్నీ అందులోనే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్లాల్సి వచ్చే షుగర్ పేషెంట్లకు నిజంగా సుఖమైన ఏర్పాటు. పైగా మన పప్పూ చారూ మనమే వండుకోవచ్చు. సాయంత్రం బండి ఆపి, ఇంటి నుంచి తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్‌నో రోకూనో తగిలించి, ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే తెలుగు సినిమా మొదలవుతుంది.

సినిమా సగమయ్యేసరికి తల పట్టేసినట్టుంటుంది. కాస్త వికారం, నీరసం. ‘దగ్గరగా కూర్చుని చూశాం కదా’ అంటారొకరు. ‘ప్రయాణం బడలిక’ అంటారింకొకరు. ఒక మాత్ర వేసుకుని పడుకుంటారు. చాలాసార్లు వాళ్లన్నదే నిజం కావచ్చు. కానీ జనరేటర్ నడుస్తున్న ఆర్వీలో తలనొప్పి వస్తే డాక్టర్‌గా నేను మొదట అనుమానించేది టీవీని కాదు, కార్బన్ మోనాక్సైడ్‌ని.

పెట్రోల్, డీజిల్, గ్యాస్, బొగ్గు, ఏది పూర్తిగా మండకపోయినా ఈ వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. దాంతో ఊపిరి మామూలుగానే ఆడుతున్నా మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు ముందుగా దెబ్బతింటారు. మెలకువగా ఉన్నవాళ్లకు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, తికమక కనిపిస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ హెచ్చరికలేవీ తెలియవు.

ఇది అమెరికాకే పరిమితమైన ముప్పు కాదు. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన ఈ వాయువే వాహనం అడుగునున్న రంధ్రం గుండా లోపలికి చేరిందని నిపుణుల పరిశీలనలో తేలింది. మూసిన గదిలో కుంపటి, కిటికీ లేని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ప్రాణాలు తీసేదీ ఇలాగే.

సినిమాకు జనరేటర్ కావాలా?

అక్కర్లేదు. చిన్న ఎల్ఈడీ టీవీ, స్టిక్, హాట్‌స్పాట్ అన్నీ కలిపి గంటకు సుమారు 60 వాట్ల లెక్క వేసుకుందాం. మూడు గంటల సినిమాకు 180 వాట్-అవర్లు. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల మామూలు బ్యాటరీలో సగమే వాడినా 600 వస్తాయి. లైట్లు, నీళ్ల మోటారు వాడుకున్నా సరిపోతుంది. అయితే గోడ ప్లగ్గులకు బ్యాటరీ కరెంటు రావాలంటే ఇన్వర్టర్ ఉండాలి. బండి తీసుకునేటప్పుడే అది ఉందో లేదో అడగండి. జనరేటర్‌ను తప్పనిసరి చేసేది టీవీ కాదు, పైకప్పు మీది ఏసీ. ఉక్కపోతకు తట్టుకోలేమనుకుంటే కరెంటు కనెక్షన్ ఇచ్చే క్యాంప్‌గ్రౌండ్‌లోనే బుక్ చేసుకోండి. యెల్లోస్టోన్ పార్కు లోపల అలాంటిది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే, ముందే నిండిపోతుంది. (అక్కడ సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. సినిమాలు ఫోన్‌లోకో ట్యాబ్‌లోకో ముందే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి.)

జనరేటర్ వేయక తప్పకపోతే అందరూ మెలకువగా ఉన్నప్పుడే వేయండి, పడుకునే ముందు ఆపేయండి. పొగ గొట్టం దగ్గర గోడ, ఎత్తైన గడ్డి, మంచు అడ్డు లేకుండా చూడండి. విడిగా తెచ్చుకున్న జనరేటరైతే తలుపులు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. పక్క బండిది మీ కిటికీకి దగ్గరగా ఉన్నా అంతే ప్రమాదం. చలేస్తోందని వంట పొయ్యి వెలిగించి వెచ్చబెట్టుకోవద్దు.

గుర్తుపట్టేదెలా? ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వికారం వచ్చి, జ్వరం లేకుంటే అనుమానించండి. బయటికెళ్తే తగ్గి, లోపలికొస్తే మళ్లీ వస్తే ఇంకా గట్టిగా అనుమానించండి. ప్రయాణపు వికారం బండి కదులుతుంటే వస్తుంది, ఆగితే నెమ్మదిస్తుంది. ఇది బండి ఆగి, జనరేటర్ నడుస్తుంటే మొదలవుతుంది. కోవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటర్ తీసి ‘98 ఉంది, ఫర్వాలేదు’ అనుకోకండి. ఆ పరికరం ఆక్సిజన్‌కూ ఈ వాయువుకూ తేడా చెప్పలేదు.

అనుమానం వస్తే సామాను సర్దుకోకుండా అందరూ బయటికి వచ్చేయండి. 911కి ఫోన్ చేసి ‘కార్బన్ మోనాక్సైడ్’ అన్న మాటే చెప్పండి. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర చాలు. తేలిగ్గా ఉందని తిరిగి లోపలికెళ్లి పడుకోకూడదు.

బండి కదులుతున్నప్పుడు వెనక మంచం మీద పడుకుని టీవీ చూడటం కూడా వద్దు. హఠాత్తుగా బ్రేకు పడితే మనిషి ఎగిరి ముందుకు పడతాడు. బెల్టు ఉన్న సీట్లోనే కూర్చోవాలి. రెండు గంటలకోసారి బండి ఆపించి నాలుగడుగులు నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

బండి అద్దెకు తీసుకున్న రోజే కార్బన్ మోనాక్సైడ్ అలారం టెస్ట్ బటన్ నొక్కి చూడండి. వెనక తేదీ ఉంటుంది. సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లే పనిచేస్తుంది. సాధారణంగా వరసగా నాలుగుసార్లు మోగి ఆగి మళ్లీ మోగితే వాయువు ఉన్నట్టు. అప్పుడప్పుడూ ఒక్క కూత వస్తే బ్యాటరీ అయినా, అలారం ఆయుష్షయినా తీరిందని అర్థం. మన తాలింపుకు గోల పెట్టేది పైకప్పుకుండే పొగ అలారం. ఆ చిరాకులో రెండూ పీకి సొరుగులో పడేసేవాళ్లున్నారు.