పిల్లల రక్షణ - భావప్రకటన స్వాతంత్ర్యము

ఇంటింట సెల్‌ఫోను, ఇంటర్నెట్టు ప్రవేశించిన ఈ కాలమున తల్లిదండ్రులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, ఫోనులలోని ఈ చెడుగు నంతటిని ప్రభుత్వమువారు ఏల మూయింపరాదు?" అని. ప్రశ్న న్యాయమైనదే. బిడ్డ చూడరానిది చూచుచుండగా ఏ తల్లి ఊరకుండగలదు? అయినను దేనిని మూయవలెను, ఏ కారణమున మూయవలెను అని విచారింపక తప్పదు.

ఈ విచారణ మన నగరమునకు క్రొత్తది కాదు. 1950 మార్చిలో నాటి మదరాసు ప్రభుత్వము, బొంబాయినుండి వెలువడుచుండిన 'క్రాస్ రోడ్స్' అను వారపత్రిక ఈ రాష్ట్రమున ప్రవేశింపరాదని శాసించెను. సంపాదకుడు రొమేశ్ థాపర్ సుప్రీంకోర్టు నాశ్రయించెను. ప్రజాభద్రత యను విశాలమైన పేరుతో పత్రికను నిషేధించుట రాజ్యాంగవిరుద్ధమని మే 26వ తేదీన తీర్పు వచ్చినది. దానిని వ్రాసినవారు న్యాయమూర్తి పతంజలి శాస్త్రిగారు. మరుసటి యేడు పార్లమెంటు రాజ్యాంగమును సవరించి, ప్రజాశాంతి కొరకు ఆంక్షలు విధింపవచ్చునని చేర్చినది. ఆ ఆంక్షలు సమంజసములై యుండవలెనని కూడ అందే వ్రాసినది.

ఇంటర్నెట్టునకును ఈ కొలతయే వర్తించినది. ఇతరులకు చీకాకు కలిగించు సందేశము పంపినవారికి మూడేండ్లవరకు శిక్ష విధింపగల 66ఏ విభాగమును 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినది. చీకాకు అనుదానికి హద్దెక్కడ? ఒకరికి చీకాకైనది మరియొకరికి సత్యము కావచ్చును. అయితే వెబ్‌సైట్లను మూయించుటకు వీలిచ్చు 69ఏ విభాగమును అదే తీర్పు నిలిపినది. ఏలయన అందు కారణములను వ్రాతమూలముగ చూపవలెనను నియమము కలదు.

ఇక పిల్లల సంగతి. 2019 ఏప్రిల్ 3న మదరాసు హైకోర్టు మదురై ధర్మాసనము, పిల్లలు అశ్లీలమునకును అపరిచితుల వలకును చిక్కుదురను ఆందోళనతో టిక్‌టాక్ యాప్‌ను ఎవరును దించుకొనకుండ నిషేధింప ఆదేశించెను. ఆ నెల 24న, సంస్థ వాదమును విని, షరతులతో ఆ యుత్తరువును ఎత్తివేసెను. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము దేశభద్రత కారణముగ, 59 యాప్‌లలో ఒకటిగ, దానిని నిషేధించెను. పిమ్మట జరిగినదేమి? జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్సు, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్సు మన దేశమున వెలసినవి. పిల్లలు అటు మరలిరి. ఒక వాకిలి మూసినంత మాత్రమున బిడ్డకు రక్షణ కలుగదని దీనివలన తెలియుచున్నది.

కావున రెండు విషయములను వేరుపరుపవలెను. బిడ్డలను బెదరించుట, వారి అసభ్యచిత్రములను పంచుట, మోసగించి ధనము లాగుట - ఇవి నేరములు. వీనికి వాక్స్వాతంత్ర్యమను కవచము లేదు. మనకు నచ్చని అభిప్రాయము నేరము కాదు. దానికి ప్రత్యుత్తరమే తగిన మందు. ఈ భేదమును మరచి అంతయు మూయుమని కోరినచో, నష్టము మొదట మనవంటి అల్పసంఖ్యాకులకే. చెన్నైలో మన బిడ్డలకు తెలుగు పద్యము, తెలుగు కథ, తెలుగు నాటకము చాలవరకు ఆ ఫోనుద్వారమునే అందుచున్నవి గదా!

ఇంటిలో చేయదగిన పని కొంత కలదు. రాత్రివేళ ఫోను పెద్దలయొద్ద నుండవలెను. చిన్నపిల్లలు నలుగురు మసలు చోటనే దానిని చూడవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. అపరిచితుడు వేధించెనని బిడ్డ చెప్పినప్పుడు వెంటనే ఫోను లాగికొని దండింపకుడు. అట్లు చేసిన, రెండవమారు ఆ బిడ్డ నోరు విప్పదు. ఆ మౌనమే దుర్మార్గునకు బలము. మొదట వినుడు, సందేశములను చెరపక భద్రపరచుడు, పిదప ఫిర్యాదు చేయుడు. పిల్లల సహాయమునకు 1098, ధనమోసములకు 1930 అను సంఖ్యలు కలవు.

ఇంట నిర్భయముగ మాటలాడగల బిడ్డయే బయట జాగ్రత్తగ మెలగును. ఈ విషయమున తల్లిదండ్రులు మాతో చేయి కలుపవలెనని మా విన్నపము.