సంగీతోపాధ్యాయ వృత్తికి వలయు యోగ్యతాపత్రములు: తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

ప్రతి సంవత్సరము వార్షికోత్సవ దినమున మా బాలికలు ప్రార్థనాగీతము పాడి వేదిక దిగిన పిమ్మట తల్లులు కొందఱు మమ్ము సమీపించి, “అయ్యా, మా అమ్మాయికి పాట బాగుగా వచ్చును. బడిలో పాటల పంతులమ్మగా కుదురుటకు ఏమి చేయవలెను?” అని అడుగుచుందురు. వేదిక ప్రక్కన నిలువబడి రెండు మాటలలో చెప్పదగిన సమాధానము కాదు గనుక ఈ సంచికలో సవిస్తరముగా వ్రాయుచున్నాము.

మొదట ఒక సంగతి చెప్పవలసి యున్నది. మా పాఠశాలలో చదివిన బాలిక యొకతె తన అమ్మమ్మ యొద్ద పది సంవత్సరములు గాత్రము నేర్చినది. వర్ణములు రెండు కాలములలో పాడగలదు. నలువదికి పైగా కృతులు కంఠస్థములు. 2017లో తమిళనాడు ఉపాధ్యాయ నియామక మండలి వ్యాయామము, చిత్రలేఖనము, సంగీతము, కుట్టుపని అను విషయములలో ప్రత్యేకోపాధ్యాయ పదవులకు దరఖాస్తులు కోరినపుడు ఆమె తండ్రి ఆ ప్రకటనను చేతబట్టుకొని మా యొద్దకు వచ్చెను. చదివి చూచితిమి. ఆమె యొద్ద పదవ తరగతి పత్రమును, పండ్రెండవ తరగతి పత్రమును ఉన్నవి. సంగీతమునకు సంబంధించిన కాగితము ఒక్కటియు లేదు. దరఖాస్తు పంపుటకే వీలు లేకపోయెను. ఇందు తప్పు మాదియే. ఆ బాలికను ఏటేట వేదిక యెక్కించి పాడించితిమి గాని, పరీక్షకు కూర్చుండబెట్టవలెనను ఆలోచన మాకు కలుగలేదు. మఱియొక కుటుంబమునకు అట్టి నిరాశ కలుగకుండుటకై ఈ వ్యాసము.

మూడు మెట్లు

బడిలో సంగీతము బోధింపగోరు వారికి సామాన్యముగా మూడు విధములైన పత్రములు వలయును. మొదటిది సాధారణ విద్య. రెండవది సంగీతమున ఉత్తీర్ణత. మూడవది బోధన శిక్షణ. ఈ మూడింటిలో ఏ యొకటి లోపించినను తక్కిన రెండును అక్కఱకు రావు.

సాధారణ విద్య విషయమున పదవ తరగతితో ఆగుట మేలుకాదు. కేంద్రీయ విద్యాలయములలో ప్రాథమిక సంగీతోపాధ్యాయ పదవికి పండ్రెండవ తరగతిలో నూటికి 50 మార్కులును, సంగీతమున పట్టము గాని తత్సమానమైన యోగ్యత గాని కోరుచున్నారు. హిందీలోను ఆంగ్లములోను బోధింపగల శక్తియు వలయునని నియమము. 2022లో ఆ సంస్థ ఇట్టి పదవులు 303 ప్రకటించినది. కావున “పాట వచ్చును గదా, చదువెందుకు?” అను మాట ఇంటిలో వినబడనీయరాదు.

సంగీత పరీక్షలకు మన రాష్ట్రమున ముఖ్యమైన మార్గము ప్రభుత్వ పరీక్షల శాఖ నడుపు సాంకేతిక పరీక్షలు. చిత్రలేఖనము, కుట్టుపని మున్నగు వానితో బాటు సంగీతమునకును లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు అను రెండు పరీక్షలు కలవు. ఇంటివద్ద గురువు నొద్ద నేర్చినవారును వీనికి కూర్చుండవచ్చును. మా పాఠశాల బాలికల వంటి వారికి ఇదియే దగ్గఱి దారి.

రెండవ మార్గము జిల్లా ప్రభుత్వ సంగీత పాఠశాలలు. ఇవి తమిళనాట పదునేడు కలవు. 12 మొదలు 25 సంవత్సరముల వయసు గలవారిని చేర్చుకొని గాత్రము, వయొలిను, మృదంగము, నాదస్వరము, డోలు మున్నగునవి మూడు సంవత్సరములు నేర్పుదురు. గాత్రమునకు ఏడవ తరగతి ముగించి యుండవలెను. మూడవ మార్గము చెన్నై, మధుర, కోయంబత్తూరు, తిరువయ్యారులలోని ప్రభుత్వ సంగీత కళాశాలలు.

మూడవ మెట్టు బోధన శిక్షణ. చాలమంది ఇచ్చటనే జాఱిపడుచున్నారు. చక్కగా పాడువారందఱును చక్కగా నేర్పలేరు. నలువదిమంది పిల్లలు గల తరగతిలో శ్రుతి కలిపించుట, చేతితో తాళము వేయించుట, గొంతు మాఱు వయసులో ఉన్న బాలురను అదలింపక నడిపించుట వేఱొక విద్య. అందుచేతనే ప్రభుత్వము హయ్యరు గ్రేడుతో బాటు ఉపాధ్యాయ శిక్షణ పత్రమును అడుగుచున్నది. ప్రభుత్వ సంగీత కళాశాలలలో సంగీతోపాధ్యాయ శిక్షణ ఒక సంవత్సరపు పాఠ్యక్రమము. హయ్యరు గ్రేడు చేతికి వచ్చిన వెంటనే దీనిని గూర్చి విచారింపవలెను. ప్రకటన వెలువడిన పిమ్మట శిక్షణకు చేరుదమన్నచో కాలము మించిపోవును.

పరీక్షలో ఏమి చూతురు?

క్రింది పరీక్షకు సరళి, జంట వరుసలు, అలంకారములు, గీతములు, స్వరజతి, వర్ణము, సులభమైన కృతులు సామాన్యముగా వలయును. పై పరీక్షకు కృతులు పెరుగుటయే గాక రాగాలాపన, నెరవు, స్వరకల్పన తోడగును. శాస్త్రభాగమును పిల్లలు చులకన చేయుదురు. అది తగదు. స్వరస్థానములు పండ్రెండైనను నామములు పదునాఱగుట ఎట్లు? మేళకర్తలు డెబ్బదిరెండగుట ఎట్లు? ఏడు తాళములు ఐదు జాతులచేత ముప్పదియైదగుట ఎట్లు? ఇట్టి వానిని కారణముతో వ్రాయనేర్వవలెను. అమ్మమ్మ యొద్ద చెవితో నేర్చిన పిల్లలకు ఇదియే కష్టము. పాడిన దానినే స్వరపఱచి కాగితముపై పెట్టు అభ్యాసము వారమునకు రెండు దినములైనను చేయింపవలెను.

మన పిల్లలకు ఒక సౌలభ్యము కలదు. త్యాగరాజస్వామి, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య మున్నగువారి తెలుగు సాహిత్యము వారికి ఇంటి మాట. పదమును ఎచ్చట విఱువవలెనో, ఎచ్చట విఱువరాదో వేఱుగా నేర్పనక్కఱలేదు. 1904లో ఎట్టయపురమున వెలువడిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే అచ్చయినది. తమిళనాట పుట్టిన ఆ మహాగ్రంథమును మన పిల్లలు మూలమునందే చదువగలరు.

అయితే ఈ సౌలభ్యమును నమ్ముకొని తమిళమును అశ్రద్ధ చేయరాదు. 2021 డిసెంబరు నాటి ఉత్తర్వు ప్రకారము రాష్ట్ర ప్రభుత్వ నియామక పరీక్షలలో తమిళ భాషాపత్రమున నూటికి 40 మార్కులైనను రానిదే తక్కిన పత్రములను లెక్కింపరు. మాతృభాషను విడువనక్కఱలేదు. తమిళమును వ్రాత పరీక్షకు తగినంతగా నేర్చుట తప్పనిసరి.

ఇతర రాష్ట్రములు

మన బంధువర్గము పలు రాష్ట్రములలో ఉన్నందున ఈ నాలుగు మాటలు. కర్ణాటకమున జూనియరు, సీనియరు, విద్వత్తు అను క్రమము. మహారాష్ట్రమున 1931లో ఏర్పడిన అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలి హిందూస్థానీ సంగీతమునకు ప్రారంభిక, ప్రవేశిక, మధ్యమ, విశారద, అలంకార పరీక్షలను నడుపుచున్నది. ప్రారంభిక నుండి విశారద పూర్ణము వఱకు ఏడు పరీక్షలు. ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ సంగీత కళాశాలలలో నాలుగు సంవత్సరముల సర్టిఫికెట్టును, అటుపై రెండు సంవత్సరముల డిప్లొమాయును కలవు. వానిలో విజయనగరము కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగా వెలసినది. ఒక రాష్ట్రపు పత్రము మఱియొక రాష్ట్రమున సమానముగా అంగీకరింపబడునని ముందే తలపరాదు. రుసుము చెల్లింపక పూర్వమే, ఉద్యోగము చేయదలచిన రాష్ట్రపు నియామక ప్రకటనలో ఆ పరీక్ష పేరున్నదో లేదో చూచుకొనవలెను.

పేర్ల విషయము

మనవారికి ప్రత్యేకముగా వచ్చు చిక్కు ఇది. ఆధారు పత్రమున ఇంటిపేరు, పదవ తరగతి పత్రమున తండ్రి పేరి మొదటి అక్షరము, సంగీత పరీక్ష దరఖాస్తులో రెండును కలిపి వ్రాయుట. ధ్రువపత్రముల పరిశీలన దినమున ఒకే బాలిక ముగ్గురు బాలికలుగా కనబడును. పదవ తరగతి పత్రమున ఎట్లున్నదో, అక్షరము మాఱకుండ, తక్కిన అన్నిటను అట్లే వ్రాయింపుడు. తొమ్మిదవ తరగతిలో మేము పేర్ల పట్టికను ఇంటికి పంపినపుడు చూడక సంతకము చేయవలదు.

ఇక ఉద్యోగావకాశములను గూర్చి నిజము చెప్పవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు నూఱుగురికి మించి పిల్లలున్న బడులలో కళావిద్యకు అల్పకాలిక బోధకులను చెప్పినది. అల్పకాలికమనగా జీతమును అల్పమే. ప్రభుత్వ నియామకములు ఏటేట రావు. అయినను పత్రము గల స్త్రీకి బడి లేనినాడు ఇంటివద్ద పాఠము చెప్పుకొను గౌరవమును, బడి ఉన్ననాడు దరఖాస్తు చేయు హక్కును ఉండును.

మేము పైన చెప్పిన బాలిక ఇప్పుడు ఒక బిడ్డకు తల్లి. లోయరు గ్రేడు ముగించి హయ్యరు గ్రేడునకు సాధన చేయుచున్నది. ఆమె కుమార్తె మా ఒకటవ తరగతిలో ఉన్నది. ఆ చిన్నదాని గొంతు కూడ చక్కనిదే. దాని పేరు ఏ అక్షరములతో వ్రాయవలెనో చేర్చుకొన్న దినముననే తల్లి మాచేత రెండుమాఱులు చదివించుకొనినది.

ఆఱవ, ఏడవ తరగతుల పిల్లలకు పాటయందు ఆసక్తి యున్నచో తల్లిదండ్రులు ఏ శనివారమైనను మధ్యాహ్నము మా కార్యాలయమునకు రావలెనని కోరుచున్నాము. వచ్చునపుడు పిల్లను గూడ తోడ్కొని రండు. ముందు పాట విందుము. తరువాత కాగితములు చూతము.