ఏడు మెట్లు తెలిస్తే పాట చేతికొస్తుంది

పాట మీకు కొత్త కాదు. నాట్లు వేస్తూ పాడతారు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడతారు. పెళ్లిలో పాడతారు, భజనలో పాడతారు. కానీ హార్మోనియం పెట్టె ముందు కూర్చోమంటే వెనక్కి జరుగుతారు. "అది సంగీతం నేర్చినోళ్ల పని" అంటారు. లేకపోతే "మగవాళ్ల పని" అంటారు.

రెండూ కాదు. విన్న పాటను పెట్టె మీద వాయించడానికి పుస్తకం అక్కర్లేదు. ఏడు మెట్ల లెక్క తెలియాలి. ఆ లెక్క చెవికి పట్టాలి. పట్టడానికి కొన్ని నెలలు పడుతుంది, అది మాత్రం నిజం.

ఈ పెట్టె మన దేశంలో పుట్టింది కాదు. 1842లో పారిస్ నగరంలో దెబేన్ అనే ఆయన దీనికి హక్కు పత్రం తీసుకున్నాడు. అది కాళ్లతో తొక్కే పెద్ద పెట్టె. నేల మీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఊపుతూ వాయించే చిన్న పెట్టెను తర్వాత కలకత్తాలో తయారు చేశారు. పద్య నాటకాల్లో, భజన మందిరాల్లో చేరి అది మనదే అయిపోయింది.

ఇప్పుడు మెట్లు చూడండి. తెల్లవి ఉన్నాయి, నల్లవి ఉన్నాయి. నల్లవి ఒకచోట రెండు, ఒకచోట మూడు గుంపుగా ఉంటాయి. రెండు నల్లమెట్ల గుంపుకు ఎడమపక్కన ఆనుకుని ఒక తెల్లమెట్టు ఉంటుంది. దాని మీద వేలు పెట్టండి. అది స. అక్కడి నుంచి కుడివైపుకు తెల్లమెట్లే వరుసగా నొక్కండి.

స రి గ మ ప ద ని, మళ్లీ పై స.

ఈ వరుసకు మన సంగీతంలో శంకరాభరణం అని పేరు. 72 మేళకర్త రాగాల్లో ఇది 29వది. హిందుస్తానీ వాళ్లు బిలావల్ అంటారు. ఇంగ్లీషు సంగీతంలో మేజర్ స్కేల్ అంటారు. పేర్లు మూడు, పెట్టె మీద మెట్లు అవే.

ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) మద్రాసు దగ్గర తెల్లవాళ్ల బ్యాండు మేళం విన్నారు. ఆ వరసలకు సంస్కృతంలో పాటలు కట్టారు. వాటిని నొట్టుస్వరాలు అంటారు. అవన్నీ శంకరాభరణం స్వరాల్లోనే ఉంటాయి. అంత పెద్ద విద్వాంసుడు కూడా పరాయి పాటను చెవితోనే పట్టాడన్నమాట.

ఇక లెక్కకు వద్దాం. అసలు కీలకం ఇక్కడే ఉంది. ఒక మెట్టు నుంచి పక్కమెట్టుకు ఒక అడుగు అనుకోండి. తెల్లదైనా నల్లదైనా అడుగే. స నుంచి రి కి మధ్యలో ఒక నల్లమెట్టు ఉంది. అంటే రెండడుగులు. రి నుంచి గ కి కూడా రెండు. గ నుంచి మ కి మధ్యలో నల్లది లేదు. కాబట్టి ఒకటే అడుగు. ఇలా చివరిదాకా లెక్కపెడితే,

2, 2, 1, 2, 2, 2, 1.

మొత్తం 12 అడుగులు. ఫోను నంబరు కంఠతా వచ్చినట్టు ఇది రావాలి.

రోజూ పావుగంట చాలు. వేలితో నొక్కుతూ, నోటితో ఆ స్వరం పేరు చెబుతూ పాడండి. పైకి పొండి, కిందికి రండి. తర్వాత సరిగ, రిగమ, గమప అని మూడేసి పాడండి. నోరు మూసుకుని వేళ్లు మాత్రం ఆడిస్తే లాభం లేదు. వేలికీ, గొంతుకూ, చెవికీ ఒకేసారి పని పడాలి. పెట్టె కొనలేకపోతే ఫోనులో హార్మోనియం యాప్‌లు ఉన్నాయి, మొదట్లో వాటితో సరిపెట్టుకోవచ్చు.

ఇప్పుడు పాట. మనందరికీ తెలిసిన జనగణమన తీసుకుందాం. 1919లో ఠాగూర్ మన మదనపల్లెకు వచ్చారు. అక్కడ మార్గరెట్ కజిన్స్ అనే ఆమె ఈ పాటకు స్వరాలు కాగితం మీద పెట్టారు. దీని మొదటి ముక్కను కూనిరాగం తీయండి. స, రి, గ అని ఎక్కుతుంది. గ మీద చాలాసేపు నిలబడుతుంది. చివర రి కి దిగి, గ కి ఎక్కి, మ మీద ఆగుతుంది. నాలుగు మెట్లతో ఆ ముక్క అయిపోయింది.

ఏ పాటకైనా ఇదే పద్ధతి. ముందు స ఎక్కడో వెతకాలి. చాలా పాటలు ఇంటికి చేరినట్టు చివరికి స దగ్గరికి చేరతాయి. అది దొరికాక, పాట పైకి పోతోందా, దిగుతోందా, పక్కమెట్టుకా, దూరానికా అని చెవిని అడగాలి. మోహన రాగం పాటలైతే ఇంకా సులువు. అందులో మ, ని ఉండవు. మిగిలిన అయిదే. అన్ని పాటలూ ఈ మెట్లకు లొంగవు, కొన్నింటికి వేరే నల్లమెట్లు కావాలి. కానీ ఈ వరుస బాగా వస్తే, పాట ఎక్కడ పక్కకు తప్పుకుందో చెవే చెబుతుంది.

భజనలో ఒక సంగతి గమనించారా? వాయించే ఆయన తన గొంతుకు తగ్గట్టు ఒకటి శ్రుతి పెడతాడు. అంటే మనం ఇందాక స అన్న మెట్టే. ఆడవాళ్లకు అది కింద పాడితే అందదు, పైన పాడితే గొంతు చీరుకుపోతుంది. అప్పుడు "మా గొంతు బాగోలేదు" అనుకుని ఊరుకుంటారు. గొంతుకేమీ కాలేదు. స మీది కాదు, అంతే. చాలామంది ఆడవాళ్లకు అయిదు, అయిదున్నర శ్రుతులు సరిపోతాయి. అయిదు అంటే తెల్లమెట్లలో అయిదోది, ఇందాకటి ప. అయిదున్నర అంటే దాని కుడిపక్క నల్లమెట్టు.

ఇందాకటి ప ను ఇప్పుడు స అనుకోండి. అదే లెక్క వేయండి. 2, 2, 1, 2, 2. ఇక్కడిదాకా అన్నీ తెల్లవే. తర్వాత రెండడుగులు వేస్తే వేలు నల్లమెట్టు మీద పడుతుంది. మూడు నల్లమెట్ల గుంపులో మొదటిది. అదే ఇప్పుడు మీ ని. తెల్లదే నొక్కితే శంకరాభరణం పోయి హరికాంభోజి అవుతుంది. ఒక అడుగు తేడాకు రాగమే మారిపోయింది, చూశారా!

జనగణమన మొదటి ముక్కను ఇక్కడి నుంచి వాయించి చూడండి. అందులో ని రాదు కనుక నల్లమెట్టుతో పనే లేదు. మెట్లు వేరు, పాట అదే. ఈసారి మీ గొంతు కూడా దానితో కలుస్తుంది.