పెత్తనం వేరు, నాయకత్వం వేరు: బెల్లం పెనం దగ్గర కొన్ని పాఠాలు

వ్యాపార నాయకత్వం గురించిన పుస్తకాలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనపడుతున్నాయి. రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్లో, కాలేజీ లైబ్రరీలో, ఉద్యోగ శిక్షణ తరగతుల్లో అవే. వాటిలో మనకు పాఠాలు చెప్పేది ఎవరు? అలెగ్జాండరు, నెపోలియను, చాణక్యుడు, ఆ తర్వాత కంపెనీల అధిపతులు. రాజ్యం ఎట్లా ఏలారో అట్లాగే కంపెనీ నడపమంటాయి ఆ పుస్తకాలు. పని చేసినవాడు మాత్రం వాటిలో ఎక్కడా ఉండడు. ఉన్నా 'మానవ వనరు' అనే పేరుతో, బొగ్గు, నీరు, కరెంటు సరసన ఉంటాడు.

చరిత్ర నుంచి, రోజువారీ పని నుంచి నాయకత్వం నేర్చుకోవాలనటం మంచి మాటే. కానీ ఎవరి చరిత్ర? ఎవరి పని? ఈ ప్రశ్న వేసుకోకుండా నేర్చుకుంటే మనం నేర్చుకునేది పెత్తనమే అవుతుంది. ఈ రెంటికీ తేడా ఏమిటో అనకాపల్లి జిల్లా దేవరాపల్లి నుంచి మొదలుపెట్టి చూద్దాం.

దేవరాపల్లి శారద నది ఒడ్డు ప్రాంతం. రైవాడ జలాశయం ఇక్కడే ఉంది. విశాఖ నగరం తాగే నీళ్లలో కొంత ఇక్కడి నుంచే పోతుంది. ఈ చుట్టుపక్కల చెరకు కొంత చక్కెర ఫ్యాక్టరీలకి పోతే, కొంత బెల్లంగా మారి అనకాపల్లి మార్కెట్టుకి చేరుతుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి ఒకటి. అక్కడ బెల్లం దిమ్మకి ధర కట్టేది ముఖ్యంగా రంగు చూసి. రంగు బాగుంటే ఒక ధర, నల్లబడితే ఇంకో ధర.

ఆ రంగు ఎవరి చేతిలో ఉంది? బెల్లం పెనం దగ్గర నిలబడి వండేవాడి చేతిలో. రసం కాగుతుండగా సున్నం ఎంత వెయ్యాలో, మడ్డి ఎప్పుడు తియ్యాలో, పొయ్యిలో పిప్పి ఎప్పుడు తగ్గించాలో చెప్పేది అతనే. పాకం చుక్క నీళ్లలో వేసి వేళ్లతో నలిపి చూస్తాడు. 'దించండి' అన్నాడంటే చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారి కదలాలి. కొద్ది నిమిషాలు ఆలస్యమైతే పాకం ముదిరి పెనం మొత్తం పోతుంది. ఆ క్షణంలో తోట యజమాని అక్కడే ఉన్నా నోరెత్తడు. ఎత్తితే నష్టం తనకే.

ఇది నాయకత్వం కాకపోతే మరేమిటి? తెలివి ఉంది, నిర్ణయం ఉంది, నలుగురిని ఒక్క మాట మీద నడిపించే నమ్మకం ఉంది. అయినా మన సమాజం దీన్ని నాయకత్వం అనదు, 'కూలి పని' అంటుంది. పెనం దించాక ధర మాట్లాడేది, మార్కెట్టులో చీటీ రాయించుకునేది, డబ్బు లెక్కపెట్టుకునేది వేరేవాళ్లు. తెలివి ఒకరిది, పేరు ఇంకొకరిది. నాయకత్వానికీ పెత్తనానికీ మధ్య గీత ఇక్కడే ఉంది.

ఈ విడదీయటం మన దేశంలోనే పుట్టింది కాదు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 1911లో 'శాస్త్రీయ యాజమాన్యం' గురించి పుస్తకం రాశాడు. ఇప్పటికీ మేనేజిమెంట్ చదువులకి అది పునాది. కార్మికుల దగ్గర తరతరాలుగా పోగైన పని తెలివిని యాజమాన్యం సేకరించి, నియమాలుగా రాసుకుని, మళ్లీ కార్మికుడికి ఆజ్ఞలుగా ఇవ్వాలన్నది అతని సిద్ధాంతం. బెత్లెహామ్ ఉక్కు కంపెనీలో ఇనప దిమ్మలు మోసే కూలీని ఉదాహరణగా చెప్పాడు. రోజుకి 12.5 టన్నులు మోసే మనిషి చేత 47.5 టన్నులు మోయించాడు. కూలి మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకి పెరిగింది. పని దాదాపు నాలుగు రెట్లు, కూలి ఒకటిన్నర రెట్ల పైచిలుకు. మిగతాది ఎటుపోయిందో లెక్క వెయ్యటానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. చరిత్రకారిణి కెయిట్లిన్ రోజెంతాల్ 2018లో ప్రచురించిన పరిశోధనలో బానిస తోటల ఖాతా పుస్తకాలు పరిశీలించారు. ఎవరు రోజుకి ఎంత పత్తి ఏరారో తూకం వేసి రాయటం, మనుషుల విలువ ఏడాదికేడాది ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో లెక్కకట్టటం ఆ తోటల్లో మామూలుగా జరిగాయి. ఆధునిక యాజమాన్యం అనుకునే పద్ధతులు కొన్ని ఫ్యాక్టరీల కంటే ముందే కొరడా నీడలో నడిచాయని ఆమె చూపించారు. కాబట్టి 'చరిత్ర నుంచి వ్యాపార పాఠాలు' అన్నప్పుడు ఈ చరిత్ర కూడా చదవాలి.

మన దగ్గర ఆ కొరడా పని కులం చేసింది. అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఈ సంగతే తేల్చారు. కులం పనిని మాత్రమే పంచలేదు, పనివాళ్లనే ఒకరి కింద ఒకరిగా విడగొట్టింది. ఎవరికి ఏది చేతనవునో చూసి కాదు, ఎవరి కడుపున పుట్టారో చూసి పని అప్పగించింది. అందుకే అది నీతికే కాదు, ఆర్థిక సామర్థ్యానికి కూడా శత్రువు అన్నారు. ఇష్టం లేని పనిలో, గౌరవం లేని పనిలో మనసు పెట్టమంటే ఎవరు పెడతారు? ఆ ప్రసంగాన్ని లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు రద్దు చేస్తే ఆయన సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేయించారు. వేదిక వాళ్లది కావొచ్చు, మాట మనది అని చెయ్యటం కూడా నాయకత్వమే.

ఇప్పుడు ముఠా సంగతి. బస్తాలు మొయ్యటంలోనూ, లారీలు ఎత్తటంలోనూ కోస్తా అంతటా ముఠాలున్నాయి. ముఠాకి ఒక మేస్త్రీ ఉంటాడు. రేటు మాట్లాడేది, పని తెచ్చేది, సాయంత్రం డబ్బు పంచేది అతనే. మంచి మేస్త్రీకి ఉండవలసిన గుణం ఏమిటని ఏ కళాసీని అడిగినా చెప్పే జవాబు ఒకటే: లెక్క అందరి ముందు చెప్పాలి. తనూ బస్తా ఎత్తాలి. ఒంట్లో బాగాలేనివాడికి ఆ రోజు తేలిక పని చూపించాలి. ఇవేవీ పుస్తకంలో చదివి వచ్చినవి కావు.

అయితే ముఠాని నెత్తిన పెట్టుకోవాలని మేము అనటం లేదు. అడ్వాన్సు పేరుతో కూలీని అప్పులో కట్టేసే మేస్త్రీలు ఉన్నారు. ఒక కులం ముఠాలోకి ఇంకో కులం వాడిని రానివ్వని చోట్లు ఉన్నాయి. ఆడవాళ్లకి ముఠాలో చోటే లేని మార్కెట్లు ఉన్నాయి. లెక్క దాచిన రోజున మేస్త్రీ కూడా దొరే అవుతాడు. మనవాడైనంత మాత్రాన పెత్తనం నాయకత్వం అయిపోదు.

సహకార సంఘాల విషయంలోనూ ఇదే చిక్కు. గోవాడలోని చోడవరం సహకార చక్కెర ఫ్యాక్టరీలాంటివి ప్రైవేటు మిల్లుల దోపిడీకి ఎదురుగా వచ్చిన గొప్ప ఆలోచన. కానీ చక్కెర సహకారంలో సభ్యత్వం చెరకు పండించే రైతుకి. అంటే భూమి ఉన్నవాడికి. చెరకు కొట్టి, మోపు కట్టి, బండికెత్తే భూమిలేని కూలీ, అందులో ఎక్కువమంది దళితులు, ఆ సహకారంలో ఓటరు కాదు. ఫ్యాక్టరీ లాభపడినప్పుడు వాటా లేదు, దెబ్బతిన్నప్పుడు ముందు పోయేది మాత్రం వాళ్ల పనిదినాలే. యాజమాన్యాన్ని పంచినప్పుడు ఎవరి దాకా పంచాం అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకి ఒక జవాబు జహీరాబాద్ ప్రాంతంలో దొరుకుతుంది. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. 1990ల మధ్యలో ఆ సంఘాలు బీడు పడ్డ భూముల్లో జొన్న పండించేందుకు పెట్టుబడి ఇచ్చాయి. అప్పు తీర్చటం డబ్బు రూపంలో కాదు, ధాన్యం రూపంలో. ఆ ధాన్యాన్ని ఊళ్లోనే నిలవచేసి, ఎవరు ఎక్కువ పేదవాళ్లో ఊరివాళ్లే కూర్చుని తేల్చి, వాళ్లకి చవకగా అమ్మారు. రేషన్ బియ్యం కోసం ఎదురుచూసే చోట తమ సొంత రేషన్ నడిపారు. విత్తనం దాచటం, కొలవటం, ఎవరికి ఎంతో నిర్ణయించటం ఆ స్త్రీల చేతిలోనే ఉంది. 2008లో సొంత సంఘం రేడియో కూడా పెట్టుకున్నారు. 2019లో ఈ సంస్థకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పెట్టుబడి, నిల్వ, పంపిణీ, ప్రచారం, వ్యాపార కళాశాలలో వేరువేరు సబ్జెక్టులుగా చెప్పే వీటన్నిటినీ అక్షరం రాని స్త్రీలు కలిపి చేశారు.

అమెరికా నల్లజాతివారి అనుభవం కూడా ఇదే చెపుతుంది. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ 1955 డిసెంబరు 5 నుంచి 381 రోజులు సాగింది. మనకి గుర్తున్నది మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాలు. కానీ వేలమందిని రోజూ పనికి చేర్చింది ప్రసంగం కాదు, సుమారు 300 కార్లతో నడిపిన సొంత రవాణా. కాలేజీ టీచరు జో ఆన్ రాబిన్సన్ ఒక్క రాత్రిలో వేల కరపత్రాలు తీయించింది. వంటమనిషి జార్జియా గిల్మోర్ భోజనాలు అమ్మి పెట్రోలుకి డబ్బు తెచ్చింది. స్థానిక కంపెనీలు కార్ల ఇన్సూరెన్సు రద్దు చేస్తే లండన్‌లోని లాయిడ్స్ నుంచి తెచ్చుకున్నారు. ఉద్యమం నిలవాలంటే ఖాతా పుస్తకం, బండి, వంట కూడా కావాలి.

మరి ఈ రోజు మన పరిస్థితి ఏమిటి? 2005 ఆర్థిక గణన ప్రకారం దేశంలోని సంస్థల్లో షెడ్యూల్డ్ కులాల యాజమాన్యంలో ఉన్నవి 9.8 శాతం. జనాభాలో వాటా చూస్తే 16 శాతం పైనే. 2012లో వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించిన అధ్యయనం, డైరెక్టర్లలో 93 శాతం అగ్రకులాల వాళ్లేననీ, ఎస్సీ ఎస్టీలు కలిపి 3.5 శాతమేననీ తేల్చింది. 2005లో పూణేలో దళిత వాణిజ్య మండలి డిక్కీ పుట్టింది. 2012లో కేంద్ర ప్రభుత్వ సంస్థలు తాము కొనే సరుకులో 4 శాతం ఎస్సీ ఎస్టీ వ్యాపారుల దగ్గర కొనాలని విధానం వచ్చింది. ఆ 4 శాతం చాలా ఏళ్లు కాగితం మీదే ఉండిపోయింది. విశాఖ ఉక్కు, పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రం లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు మనకి ఇంత దగ్గరగా ఉండగా మన యువకులు ఎంతమంది టెండరు ఫారం చూశారు? లోను మనవాడి పేరు మీద తీసి, బండి ఇంకొకరి ఇంటి ముందు నిలబడే బినామీ వ్యవహారం మాత్రం అన్ని ఊళ్లకీ తెలుసు.

దళితులు వ్యాపారంలోకి రావాలా అని కొందరు మిత్రులు సందేహిస్తారు. రావాలి. కానీ 1938లో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్ బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులే అని చెప్పిన సంగతి మరిచిపోయి రాకూడదు. యజమాని కులం మారి, కూలీ స్థితి మారకపోతే మనకి ఒరిగేది తక్కువ.

ఎందుకు ఇంత గట్టిగా చెపుతున్నామంటే ఇది ప్రాణాల సంగతి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక మందుల కర్మాగారంలో ప్రమాదం జరిగి 17 మంది చనిపోయారు. దేవరాపల్లి లాంటి ఊళ్ల పిల్లలు పొలం పని వదిలి చేరేది ఇట్లాంటి ఫ్యాక్టరీల్లోనే. జపాన్‌లో టయోటా కంపెనీ తన ఫ్యాక్టరీల్లో ఒక తాడు కట్టింది. తప్పు కనపడితే మామూలు కార్మికుడు కూడా ఆ తాడు లాగి పనంతా ఆపించవచ్చు. ప్రపంచమంతా దాన్ని గొప్ప యాజమాన్య సూత్రంగా చదువుకుంది. మన బెల్లం పెనం దగ్గర ఆ హక్కు ఎప్పటినుంచో ఉంది. వండేవాడు 'దించండి' అంటే దించాల్సిందే. పాకం పోకూడదని ఇచ్చిన ఆ హక్కు, మనిషి ప్రాణం పోకూడదని ఎందుకు ఇవ్వరు?

కాబట్టి కార్యకర్తలకీ, టీచర్లకీ, విద్యార్థులకీ మేము చెప్పేది ఇదే. మీ ఊళ్లో ముఠా, పొదుపు సంఘం, కాంట్రాక్టు పని, చిన్న కొట్టు ఏది ఉన్నా మూడు ప్రశ్నలు అడగండి. లెక్క ఎవరి ముందు చెపుతున్నారు? పని ఆపమనే హక్కు ఎవరికి ఉంది? లాభం వచ్చిన రోజున వాటా ఎవరిదాకా వస్తోంది? రేపు మనలో ఒకరు యజమాని అయినప్పుడు కూడా ఈ ప్రశ్నలు వదలొద్దు. అప్పుడు వాటిని మరింత గట్టిగా అడగాలి, ముందుగా మనల్ని మనమే.