పెరటి కోతకు ఇంత హోరెందుకు?

నాలుగు వానలు పడ్డాయంటే చాలు, పెరట్లో గరికా, వయ్యారిభామా పోటీపడి పెరుగుతాయి. గోరింట కంచె దారికి అడ్డొస్తుంది. పెట్రోలు మిషనున్న మనిషికి కబురు పెడితే గంటలో పని అయిపోతుంది, నిజమే. కానీ ఆ గంటసేపు పక్కింటి పసిపాప నిద్ర, ఎదురింటి పిల్లాడి పరీక్ష చదువు ఏం కావాలి? అన్నిటికంటే ముందు, ఆ మిషన్ని భుజాన వేసుకున్న మనిషి చెవుల మాటేమిటి?

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ మించకూడదు. పెట్రోలు మిషన్ నడిపేవాళ్ళ చెవి దగ్గర అది 95 దాటడం మామూలే! రోజూ ఎనిమిది గంటలు 85 డెసిబుల్స్ వింటేనే వినికిడికి ముప్పు. పది పెరిగిందంటే ధ్వని శక్తి పదింతలైనట్టు.

కరెంటు మిషన్లలో ఇంజను మోతా, పొగా ఉండవు. అయితే కొనేముందు కొన్ని సంగతులు చూసుకోవాలి.

చారెడు పెరడైతే చేతి కత్తెరే మేలు. ఖర్చూ లేదు, చప్పుడూ లేదు.

గడ్డి కోసే మిషనుకు నైలాన్ తీగ ఉంటుంది. కంచె కత్తిరించేదానికి దువ్వెనలాంటి పళ్ళుంటాయి. ఒకటి కొని రెండు పనులూ అవుతాయనుకోకండి.

వైరుదైతే తేలిక, చవక. కానీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైనుకే తగిలించండి. వైరును ఎప్పుడూ మీ వెనకవైపే ఉంచుకోండి.

బ్యాటరీదైతే వైరు బెడద లేదు. బరువు మాత్రం షాపులోనే చేత్తో పట్టుకు చూడండి. చాలా కంపెనీల్లో ఒకే బ్యాటరీ రెండు మూడు మిషన్లకు సరిపోతుంది, అడగండి.

పెట్టెమీద డెసిబుల్స్ అంకె రెండు రకాలుగా ఉంటుంది. ‘ఎల్‌డబ్ల్యూఏ’ మిషన్ వెలువరించే మొత్తం ధ్వని. ‘ఎల్‌పీఏ’ చెవి దగ్గర వినిపించేది, ఇది తక్కువగా ఉంటుంది. ఒకదాని ఎల్‌డబ్ల్యూఏని ఇంకోదాని ఎల్‌పీఏతో పోల్చి మోసపోకండి!

కరెంటుదైనా నైలాన్ తీగ గుయ్యిమంటూనే ఉంటుంది. అందుకే తెల్లవారుజామున, మధ్యాహ్నం కునుకువేళ వద్దు. తడిగడ్డి మీద అసలే వద్దు. చిక్కుపడ్డ గడ్డి తీసేముందు ప్లగ్గో బ్యాటరీయో ఊడదీయండి. కాళ్ళకు బూట్లు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

పనికి మనిషినే పిలిచినా, మిషన్ మీదే ఇవ్వండి. దాంతోపాటే చెవులకు పెట్టుకునే మఫ్లు కూడా. మన పెరడు బాగుపడటానికి ఇంకొకరి వినికిడి ఖర్చు కాకూడదు కదా!